తలమాడు సోరియాసిస్: పైపూత మందులను జంటగా వాడే విధానం

తలమాడు మీద సోరియాసిస్‌కు పూసే మందులో చాలా భాగం చర్మాన్ని చేరదు. కొంత వెంట్రుకలకు అంటుకుంటుంది, కొంత పొలుసుల పైపొరలో ఇంకి మర్నాడు దువ్వెనతో పాటే రాలిపోతుంది, మిగిలిన కాస్త మాత్రమే చర్మానికి అందుతుంది. మోచేతి మీది మచ్చను కొద్ది వారాల్లో అణచిన మందే తలమీద నెల దాటినా ఫలితం చూపకపోతే, మందు బలం చాలలేదని అనుకునే ముందు అది చేరవలసిన చోటికి చేరిందా లేదా అని చూసుకోవాలి. అందుకే ఈ మార్గదర్శిలో ఏ మందు గొప్పదన్న చర్చ కంటే, ఏ మందును ఏ వరుసలో, ఎంత మోతాదులో, ఎంతసేపు, దేనితో కలపకుండా వాడాలన్న విషయానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఇది చర్మవైద్యుడు పరీక్షించి సోరియాసిస్ అని నిర్ధారించి, మందు రాసి ఇచ్చిన వారి కోసం రాసినది. ఇందులో ప్రస్తావించిన స్టెరాయిడ్లు బలమైనవి. వాటిని చీటీ లేకుండా సొంతంగా మొదలుపెట్టడం మంచిది కాదు.

జంట మందు అంటే మూడు అర్థాలు

కాంబినేషన్ అన్న మాటను వైద్యులు మూడు రకాలుగా వాడుతారు. ఈ మూడింటి మధ్య తేడా తెలియకపోవడం వల్లనే చాలా పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, రెండు మందులు ఒకే సీసాలో కలిసి వచ్చేది. విటమిన్ డి తరహా మందైన కాల్సిపోట్రియాల్, స్టెరాయిడ్ అయిన బీటామెథాసోన్ కలిసిన జెల్ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. రెండవది, రెండు మందులు వేర్వేరుగా ఉండి వేర్వేరు వేళల్లో లేదా వేర్వేరు రోజుల్లో పూసుకునేది. వారం మధ్యలో విటమిన్ డి తరహా మందు, వారాంతంలో స్టెరాయిడ్ వాడే పద్ధతి ఇలాంటిది. మూడవది, ముందు పొలుసును కరిగించే మందు కొన్నాళ్లు వాడి, అది ముగిశాక అసలు మందు మొదలుపెట్టేది. ఈ మూడింటిలో ఎక్కడా రెండు ట్యూబుల మందును అరచేతిలో వేసి కలపడమన్నది లేదు. చాలామంది ఇంట్లో చేసేది మాత్రం అదే. దాని వల్ల కలిగే నష్టం ఏమిటో కొంచెం ముందుకు వెళ్లాక చెబుతాను.

రెండు మందులు ఎందుకు

సోరియాసిస్ అంటువ్యాధి కాదు, అశుభ్రత వల్ల వచ్చేదీ కాదు. శరీర రక్షణ వ్యవస్థ దారి తప్పి, ముఖ్యంగా ఇంటర్‌ల్యూకిన్ 23, ఇంటర్‌ల్యూకిన్ 17 అనే సంకేత ప్రోటీన్ల ద్వారా చర్మంలో వాపును నిరంతరం రగిలిస్తూ ఉంటుంది. ఆ ప్రేరణకు చర్మకణాలు విపరీతమైన వేగంతో పుట్టుకొస్తాయి. మామూలుగా అడుగున పుట్టిన కణం పైకి చేరడానికి నాలుగు వారాల దాకా పడుతుంటే, సోరియాసిస్ మచ్చలో ఆ ప్రయాణం కొద్ది రోజుల్లోనే ముగుస్తుంది. పక్వం కాని ఆ కణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని వెండి రంగు పొలుసులవుతాయి. అంటే ఇక్కడ రెండు పనులు జరగాలి: వాపు చల్లారాలి, కణాల వేగం తగ్గాలి.

స్టెరాయిడ్ మొదటి పనిని త్వరగా చేస్తుంది. కాల్సిపోట్రియాల్ వంటి విటమిన్ డి తరహా మందు రెండవ పనిని నెమ్మదిగా, ఓర్పుగా చేస్తుంది. ఒంటరిగా పూసినప్పుడు కాల్సిపోట్రియాల్ చర్మాన్ని మండించి, ఎర్రబరుస్తుంది. స్టెరాయిడ్ తోడుంటే ఆ మంట తగ్గుతుంది. విటమిన్ డి సోరియాసిస్‌కు పనికివస్తుందన్న సంగతి ఎవరో ముందుగా ఊహించి కనిపెట్టింది కాదు. ఎముకలు గుల్లబారిన జబ్బుకు విటమిన్ డి తరహా మందు మింగిన ఒక రోగికి సోరియాసిస్ కూడా తగ్గిపోయిందని 1985లో జపాన్ వైద్యులు నివేదించడంతో ఈ దారి తెరుచుకుంది.

అయితే రెండింటినీ ఒకే సీసాలో ఇమడ్చడం తేలిక కాలేదు. కాల్సిపోట్రియాల్‌కు క్షార స్వభావం ఉన్న మాధ్యమం, అంటే మందును కలిపి ఉంచే పదార్థం, కావాలి, బీటామెథాసోన్‌కు కొంత ఆమ్ల స్వభావం ఉన్నది కావాలి. నీరున్న మాధ్యమంలో రెండింటినీ కలిపితే ఏదో ఒకటి చెడిపోతుంది. అందుకే తలకు వాడే జెల్‌ను నీరు లేకుండా, నూనె వంటి మాధ్యమంలో తయారు చేశారు. జిడ్డుగా ఉందని ఆ జెల్‌ను విసుక్కునేవారు ఉన్నారు కాని, ఆ జిడ్డే లేకపోతే ఈ జంట నిలవదు. మందుల కర్మాగారంలో ఈ కలయికను ఇంత జాగ్రత్తగా చేయవలసి వచ్చినప్పుడు, అరచేతిలో చేసే కలయిక ఎంతవరకు నిలుస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఒక నిజం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తలమాడు సోరియాసిస్‌కు వాడే పైపూత మందులపై 2016లో వెలువడిన కాక్రేన్ సమీక్ష (వైద్య ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి తూచే అంతర్జాతీయ సంస్థ చేసినది) 59 ప్రయోగాలను, 11 వేలకు పైగా రోగుల ఫలితాలను పరిశీలించింది. జంట మందు, ఒంటరి స్టెరాయిడ్, ఈ రెండూ ఒంటరి విటమిన్ డి మందు కంటే స్పష్టంగా మెరుగ్గా పనిచేశాయి. జంట మందు ఒంటరి స్టెరాయిడ్‌ను మించిన మాట నిజమే కాని, ఆ తేడా చిన్నది. కనుక వైద్యుడు మొదట స్టెరాయిడ్ లోషన్ ఒక్కటే రాసి ఇస్తే, పాత పద్ధతి అని చిన్నచూపు చూడనవసరం లేదు. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2012లో ప్రకటించిన మార్గదర్శకాలు కూడా ముందు బలమైన స్టెరాయిడ్‌ను రోజుకు ఒకసారి, నాలుగు వారాల వరకు వాడి చూడమనీ, దానికి లొంగకపోతే మందు రూపాన్ని మార్చడం లేదా ముందు పొలుసు తీయడం చేసి, ఆ తర్వాత కాల్సిపోట్రియాల్, బీటామెథాసోన్ జంటకు వెళ్లమనీ చెబుతాయి.

మొదటి మెట్టు: వ్యాధి అదేనా అని తేల్చుకోవడం

తలమీద పొలుసులు రాలేదంతా సోరియాసిస్ కాదు. జిడ్డుగా, పసుపు ఛాయతో, పలుచగా రాలే పొలుసులు, కనుబొమల్లోనూ ముక్కు పక్కల కూడా కనిపిస్తుంటే అది సెబోరిక్ డెర్మటైటిస్ కావచ్చు. పిల్లల్లో వెంట్రుకలు విరిగి, అక్కడక్కడ బట్టతల మచ్చలు పడుతుంటే ఫంగస్ వల్ల వచ్చే తలతామర అయ్యే అవకాశం ఎక్కువ. దాని మీద స్టెరాయిడ్ పూస్తే రూపం మారి, గుర్తుపట్టడమే కష్టమవుతుంది. సోరియాసిస్ మచ్చకు సాధారణంగా అంచు స్పష్టంగా ఉంటుంది, పొలుసు పొడిగా, తెల్లగా, దళసరిగా ఉంటుంది, తరచుగా జుట్టు మొదలయ్యే గీతను దాటి నుదుటి మీదికో, చెవుల వెనక్కో, మెడ వెనక్కో పాకుతుంది. గోళ్ల మీద సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు, మోచేతుల మీద, మోకాళ్ల మీద మచ్చలు ఉంటే అనుమానం బలపడుతుంది. రెండు జబ్బులూ కలగలిసిన రూపం కూడా ఉంది, దానికి చికిత్స కొంత వేరు. అందుకే ఈ మెట్టును వైద్యుడి దగ్గరే దాటాలి.

రెండవ మెట్టు: పొలుసును మెత్తబరచి తీయడం

తరచుగా వదిలేసే మెట్టు ఇదే, నా దృష్టిలో ఫలితాన్ని అన్నిటికంటే ఎక్కువగా మార్చేదీ ఇదే. పొలుసు పలుచగా ఉన్నవారు దీన్ని దాటేసి నేరుగా మూడవ మెట్టుకు వెళ్లవచ్చు. వేలితో తడిమినప్పుడు పెచ్చులాగా గట్టిగా తగిలితే మాత్రం ముందు దీనికి మూడు రోజుల నుంచి వారం రోజుల దాకా కేటాయించాలి.

సులువైన మార్గం నూనె. మినరల్ ఆయిల్, ఆలివ్ నూనె, కొబ్బరినూనె, ఏదైనా సువాసనలు కలపనిది తీసుకుని, రాత్రి పాపిడి పాపిడిగా విడదీసి పెచ్చుల మీద పట్టించి, తలకు మెత్తని గుడ్డ చుట్టుకుని పడుకోవాలి. నూనె సోరియాసిస్‌ను తగ్గించదు, పెచ్చును మెత్తబరుస్తుంది, దాని పని అంతవరకే. అది చాలనప్పుడు సాలిసిలిక్ ఆమ్లం అవసరమవుతుంది. ఇది కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే బంధాన్ని సడలిస్తుంది. షాంపూల్లో, లోషన్లలో సాధారణంగా 2 లేదా 3 శాతం ఉంటుంది. చాలా దళసరి పెచ్చులకు వైద్యులు 5 నుంచి 10 శాతం ఆయింట్‌మెంట్ రాస్తారు. షాంపూ అయితే మాడు మీద కొన్ని నిమిషాలు ఉంచి కడగాలి, ఆయింట్‌మెంట్ అయితే చెప్పినంత సేపు ఉంచి కడగాలి.

మర్నాడు తల తడిపి, షాంపూ నురుగు ఉండగానే, మొనలు గుండ్రంగా ఉన్న మెత్తని దువ్వెనను మాడుకు దాదాపు పడుకోబెట్టినట్టు పట్టి, చిన్న చిన్న వలయాలుగా తిప్పుతూ వదులైన పొలుసును మాత్రమే తీయాలి. రానిదాన్ని లాగకూడదు. పొడి పెచ్చును గోటితో పెకలిస్తే రక్తం వస్తుంది, వెంట్రుకలు ఊడతాయి, అంతకంటే ముఖ్యంగా గాయమైన చోటనే కొత్త మచ్చ పుడుతుంది. ఈ లక్షణాన్ని 19వ శతాబ్దంలో వర్ణించిన జర్మన్ వైద్యుడు హైన్రిష్ కోబ్నర్ పేరుతోనే ఇప్పటికీ పిలుస్తున్నారు. బిగుతుగా లాగి కట్టిన జడ, పదునైన దువ్వెన, మితిమీరిన వేడి గాలి కూడా ఇలాంటి గాయాలే చేస్తాయి.

పొలుసు పలుచబడగానే సాలిసిలిక్ ఆమ్లాన్ని ఆపాలి. ఆపి, మామూలు మృదువైన షాంపూతో తల శుభ్రంగా కడిగాకనే కాల్సిపోట్రియాల్ ఉన్న మందు మొదలుపెట్టాలి. ఆమ్లం తగిలితే కాల్సిపోట్రియాల్ విచ్ఛిన్నమై పనికిరాకుండా పోతుంది. ముందు చెప్పిన అరచేతి కలయికలో జరిగే నష్టం ఇదే: సాలిసిలిక్ లోషన్, విటమిన్ డి జెల్ కలిపి రాసుకునే వ్యక్తి నెలంతా శ్రద్ధగా, సగం చచ్చిన మందును పూసుకుంటూ ఉంటాడు.

మూడవ మెట్టు: ఏ జంట ఎవరికి

కాల్సిపోట్రియాల్, బీటామెథాసోన్ డైప్రొపియోనేట్ జంట జెల్‌గానూ, ఫోమ్‌గానూ, కొన్ని దేశాల్లో క్రీమ్‌గానూ దొరుకుతుంది. గ్రాము జెల్‌లో 50 మైక్రోగ్రాముల కాల్సిపోట్రియాల్, అర మిల్లీగ్రాము బీటామెథాసోన్ ఉంటాయి. రోజుకు ఒకసారే పూయాలి. ఫోమ్‌లో మోతాదు అదే అయినా, పిచికారీ చేయగానే దానిలోని ద్రావకం ఆవిరై, మందు చర్మంలోకి మరింత బాగా దిగుతుంది. దీర్ఘకాలంగా మళ్లీ మళ్లీ తిరగబెట్టే జబ్బుకు, రాత్రంతా మందు ఉంచుకోగల వారికి ఈ జంట తగినది.

బీటామెథాసోన్‌తో సాలిసిలిక్ ఆమ్లం కలిసిన లోషన్ మరొక జంట. తలకు వాడే లోషన్‌లో ఆమ్లం సాధారణంగా 2 శాతం ఉంటుంది. పెచ్చు ఎక్కువ, ఎరుపు తక్కువ ఉన్నవారికి ఇది బాగా కుదురుతుంది, పొలుసు తీయడం, వాపు తగ్గించడం ఒకేసారి జరుగుతాయి. ఇందులో ఆల్కహాల్ ఉంటే పగుళ్ల మీద, గోకిన చోట్ల భగ్గున మండుతుంది. అలాంటప్పుడు పగుళ్లు మానేదాకా జిడ్డు మాధ్యమంలోని మందే మేలు. రోజూ జిడ్డు కడుక్కునే ఓపిక లేనివారు పలుచని లోషన్‌ను, ఫోమ్‌ను ఇష్టపడతారు. ఈ ఇష్టాన్ని వైద్యుడికి చెప్పడానికి మొహమాటపడవద్దు. రోగి మానేసే అత్యుత్తమ మందు కంటే, మానకుండా వాడే రెండవ స్థాయి మందు నయం.

రాత్రిపూట తలకు ఏదీ పూసుకుని పడుకోలేని వారికి క్లోబెటసాల్ అనే అతి బలమైన స్టెరాయిడ్ 0.05 శాతం ఉన్న షాంపూ ఉంది. పేరు షాంపూ అయినా దీన్ని తడి తలకు రుద్దకూడదు. పొడిగా ఉన్న మాడు మీద మచ్చలకు పట్టించి 15 నిమిషాలు ఉంచి, తర్వాత నీళ్లతో నురుగు తెప్పించి కడిగేయాలి. దీనికి జంటగా, వేరే వేళలో విటమిన్ డి లోషన్ వాడమని వైద్యుడు చెప్పవచ్చు.

నాల్గవ మెట్టు: పూసే విధానం

జుట్టు పొడిగా ఉండాలి. తడి జుట్టు మీద మందు పలుచబడి పక్కలకు జారిపోతుంది. జెల్ సీసాను వాడే ముందు బాగా కుదపాలి, మందు కణాలు అడుగున పేరుకుని ఉంటాయి. అద్దం ముందు కూర్చుని, మచ్చ ఉన్న చోట పాపిడి తీసి, సీసా మొనను మాడుకు ఆనించినంత దగ్గరగా పెట్టి, ఒక్కో చుక్క వేసుకుంటూ పోవాలి. వేలికొనతో మెల్లగా, వెంట్రుకల వెంట కాకుండా చర్మం మీద పలుచని పొర ఏర్పడేంత వరకే రాయాలి. గట్టిగా మర్దనా చేయనవసరం లేదు. తర్వాత ఒక వేలి వెడల్పు దూరంలో మరో పాపిడి తీసి మళ్లీ అదే చేయాలి. ఫోమ్ అయితే నేరుగా తలమీద పిచికారీ చేయకుండా, ముందు అరచేతిలోకి తీసుకుని, వేలికొనలతో మచ్చలకు అందించాలి. తల వెనుక భాగం, చెవుల వెనుక మడత, మెడ పైభాగం కంటికి కనిపించవు. అక్కడ చేతితో తడిమి దళసరిని గుర్తుపట్టి పూయాలి, లేదా ఇంట్లో ఎవరి సాయమైనా తీసుకోవాలి.

మోతాదు విషయంలో రెండు రకాల పొరపాట్లు ఉన్నాయి. భయంతో బఠాణీగింజంత రాసేవారు ఒకరు, తల మొత్తం తడిసేలా పోసేవారు మరొకరు. జెల్ తలకు రోజుకు 1 నుంచి 4 గ్రాములు సరిపోతుంది. 4 గ్రాములంటే దాదాపు ఒక టీ చెంచా. సగటున 2 గ్రాములు పడుతుందనుకుంటే, 60 గ్రాముల సీసా నాలుగు వారాలకు సరిగ్గా వస్తుంది. మీ సీసా రెండు నెలలైనా సగం మిగిలి ఉంటే, మందు పనిచేయడం లేదని అనే ముందు ఆ లెక్క చూసుకోవాలి. ఒంటి మీద కూడా ఇదే మందు వాడుతుంటే పెద్దవారికి మొత్తం కలిపి రోజుకు 15 గ్రాములు, వారానికి 100 గ్రాములు దాటకూడదు. దాటితే రక్తంలో కాల్షియం పెరిగే ప్రమాదం ఉంది.

పూసిన తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి, లేకపోతే మందు కళ్లకు, ముఖానికి చేరుతుంది. స్టెరాయిడ్ ఉన్న మందు మీద ప్లాస్టిక్ టోపీ పెట్టుకోకూడదు. గాలి ఆడకపోతే శరీరంలోకి ఇంకే మందు పెరుగుతుంది. పాత దిండు గలీబు ఒకటి దీనికే కేటాయించుకుంటే చాలు. ఆల్కహాల్ లోషన్లకు, ఫోమ్‌కు నిప్పు అంటుకునే గుణం ఉంది కనుక పూసుకున్న వెంటనే పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు, పొగ తాగకూడదు, హెయిర్ డ్రయ్యర్ వాడకూడదు.

ఐదవ మెట్టు: కడిగే విధానం

జెల్ పూయగానే తల కడగకూడదు, రాత్రంతా లేదా పగలంతా ఉండనివ్వాలి. కడిగేటప్పుడు అందరూ చేసేదానికి తలకిందులుగా చేయాలి: ముందు నీళ్లు పోయకుండా, పొడి జుట్టు మీదనే, మందు పూసిన చోట్ల మృదువైన షాంపూ రాసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, అప్పుడు నీళ్లు పోయాలి. జెల్ నూనె స్వభావం గలది. ముందు నీళ్లు తగిలితే షాంపూ దాన్ని పట్టుకోలేదు, ఎన్నిసార్లు రుద్దినా జిడ్డు వదలదు. ఈ ఒక్క చిట్కా తెలియక మందునే మానేసినవారు తక్కువేమీ కాదు. రోజూ తలస్నానం తప్పనిసరి కాదు, రెండు మూడు రోజులకు ఒకసారి సరిపోతుంది.

ఆరవ మెట్టు: నాలుగు వారాలు, ఆ తర్వాత

మొదట దురద తగ్గుతుంది, తర్వాత పొలుసు, దాని వెంట మందం తగ్గుతుంది. ఎరుపు చివరిదాకా ఉండిపోతుంది. చామనఛాయ లేదా నల్లని చర్మం ఉన్నవారిలో అది ఎరుపుగా కాక గోధుమ లేదా ఊదా ఛాయలో కనిపిస్తుంది, జబ్బు తగ్గాక కూడా ఆ రంగు నెలల తరబడి నిలవవచ్చు. వేలికి నునుపుగా తగులుతున్న చోట రంగు పోలేదని స్టెరాయిడ్ కొనసాగించడం అనవసరం. చికిత్స కొనసాగించాలా వద్దా అన్నది కంటి కంటే వేలే బాగా చెబుతుంది.

జంట జెల్‌కు తలమీద సాధారణ గడువు నాలుగు వారాలు. క్లోబెటసాల్ వంటి అతి బలమైన స్టెరాయిడ్ లోషన్‌ను ఏకధాటిగా రెండు వారాలకు మించి, వారానికి 50 గ్రాములకు మించి వాడకూడదు. షాంపూ రూపంలో తక్కువసేపు ఉంటుంది కనుక దానికి నాలుగు వారాల వరకు అనుమతి ఉంది. బలమైన స్టెరాయిడ్ విడతల మధ్య నాలుగు వారాల విరామం ఇవ్వాలని నైస్ మార్గదర్శకాలు చెబుతాయి. ఆ విరామంలో చేతులు ముడుచుకుని కూర్చోవాలని కాదు. స్టెరాయిడ్ లేని విటమిన్ డి లోషన్ గానీ, తారు షాంపూ గానీ అప్పుడు నడపవచ్చు. గడువు లేకుండా స్టెరాయిడ్ వాడితే చర్మం పలుచబడటం, సన్నని రక్తనాళాలు తేలడం, వెంట్రుకల మూలాల్లో పొక్కులు రావడం జరుగుతాయి. తలమాడు చర్మం దళసరిది కనుక అక్కడ ఆలస్యంగా కనిపించవచ్చు కాని, నుదురు, చెవి వెనుక, మెడ దగ్గర చర్మం అంత ఓర్వదు.

తగ్గిన తర్వాత తిరగబెట్టే దాకా ఆగాలా, లేక ముందే కాపు కాయాలా అన్నది కొత్త చర్చ. ఒంటి మీది మచ్చలపై ఏడాది పాటు జరిగిన ఒక పెద్ద ప్రయోగంలో, తగ్గిపోయిన చోట్ల జంట ఫోమ్‌ను వారానికి రెండుసార్లు పూసినవారిలో మొదటిసారి తిరగబెట్టడానికి పట్టిన మధ్యస్థ వ్యవధి 56 రోజులు, మందు లేని ఫోమ్ పూసినవారిలో 30 రోజులు. ఆ ప్రయోగం తలమీద జరిగినది కాకపోయినా, ఏటా నాలుగైదుసార్లు తిరగబెట్టే వారు ఈ పద్ధతి గురించి తమ వైద్యుడితో మాట్లాడటం మంచిదని నా అభిప్రాయం. వారానికి రెండు రోజులు ఏవో ముందే నిర్ణయించుకోకపోతే ఇది నిలవదు.

కొన్నాళ్లకు మందుకు చర్మం అలవాటు పడిపోయిందని అంటారు. అలా జరగవచ్చు. కాని చాలాసార్లు అలవాటు పడేది చర్మం కాదు, మనిషే: మొదటి రెండు వారాలు రోజూ పూసినవారు మూడో వారం నుంచి రోజు విడిచి రోజు, ఆ తర్వాత గుర్తొచ్చినప్పుడు పూస్తారు.

తారు, ఇతర మందులు

బొగ్గు తారు పాత మందు. 1925లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన విలియం గోకర్‌మన్ తారునూ అతినీలలోహిత కాంతినీ జత చేసిన చికిత్సను ప్రచారంలోకి తెచ్చాడు. తలకు తారును సాలిసిలిక్ ఆమ్లంతోనూ గంధకంతోనూ కలిపి, కొబ్బరినూనె మాధ్యమంలో తయారుచేసిన లేపనాలు ఉన్నాయి. వాటిని గంట సేపు ఉంచి కడుగుతారు. తారు షాంపూను ఐదు నుంచి పది నిమిషాలు మాడు మీద ఉంచనిదే దాని వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. వాసన, మరక, నెరిసిన జుట్టుకు పట్టే పసుపు ఛాయ దీని లోపాలు, పూసిన చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. స్టెరాయిడ్ విరామంలో నిలబెట్టే మందుగా దీనికి ఇప్పటికీ చోటుంది, ఒంటరిగా తీవ్రమైన జబ్బును లొంగదీసే శక్తి మాత్రం తక్కువ.

ముఖం వైపు, చెవుల వెనుక స్టెరాయిడ్‌కు బదులు, స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్‌ను వైద్యులు రాయడం కద్దు. రోఫ్లుమిలాస్ట్ 0.3 శాతం ఫోమ్‌కు 2025లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తల, ఒంటి సోరియాసిస్‌కు ఆమోదం ఇచ్చింది. ఇందులో స్టెరాయిడ్ లేదు.

కలపకూడనివి, వాడకూడనివారు

సాలిసిలిక్ ఆమ్లానికీ కాల్సిపోట్రియాల్‌కూ పడదని చెప్పాను. అతినీలలోహిత కాంతి కూడా కాల్సిపోట్రియాల్‌ను చెడగొడుతుంది కనుక, ఫొటోథెరపీ తీసుకునేవారు ఆ మందును కాంతి చికిత్సకు ముందు కాక, తర్వాత పూయాలి. మరో ప్రమాదం పేర్ల వల్ల వస్తుంది. ఒక వైద్యుడు జంట జెల్ రాస్తే, అది పూర్తికాకుండానే ఇంకొకరు వేరే పేరుతో స్టెరాయిడ్ లోషన్ రాయవచ్చు. రెండూ వాడితే స్టెరాయిడ్ రెట్టింపవుతుంది. సీసా మీద పెద్ద అక్షరాల్లోని వ్యాపార నామాన్ని కాక, కింద చిన్న అక్షరాల్లోని మందు పేరును చదవడం అలవాటు చేసుకోవాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ మందుల్లో దేన్నీ వైద్యుడిని అడగకుండా మొదలుపెట్టకూడదు. విటమిన్ ఎ తరహా పైపూత మందైన టాజరోటీన్ ఉన్న మందులు గర్భిణులకు పూర్తిగా నిషిద్ధం. చిన్నపిల్లలకు సాలిసిలిక్ ఆమ్లం ఎక్కువ భాగానికి పూస్తే రక్తంలోకి ఇంకి విషమించగలదు, ఆస్పిరిన్ పడనివారు కూడా దానికి దూరంగా ఉండాలి. కాల్షియం సమస్యలు, తీవ్రమైన మూత్రపిండాల జబ్బు ఉన్నవారు కాల్సిపోట్రియాల్ విషయంలో ముందే వైద్యుడికి చెప్పాలి. ఒంటినిండా చర్మం ఎర్రబడి పొట్టు రాలుతున్నా, చీముపొక్కులు వస్తున్నా జంట జెల్ వాడకూడదు. అది వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన స్థితి.

పైపూత చాలనప్పుడు

సరైన మోతాదులో, సరైన వరుసలో రెండు విడతలు వాడినా మాడు దళసరిగానే ఉంటే, లేక విరామం ఇచ్చిన ప్రతిసారీ వారం తిరగకుండానే జబ్బు మొదటికి వస్తుంటే, పైపూతతో ఆగనవసరం లేదు. మచ్చ విస్తీర్ణం చిన్నదైనా, తలమాడు వంటి ప్రత్యేక స్థానంలో ఉంటే రోగిని మింగే మందులకు, ఇంజెక్షన్లకు అర్హుడిగానే చూడాలని ఇంటర్నేషనల్ సోరియాసిస్ కౌన్సిల్ 2020లో ప్రతిపాదించింది. మెథోట్రెక్సేట్, అప్రెమిలాస్ట్, ఇంటర్‌ల్యూకిన్ 17ను గానీ 23ను గానీ అడ్డుకునే బయోలాజిక్ ఇంజెక్షన్లు ఆ దశలో వస్తాయి. ఉదయం లేవగానే అరగంటకు మించి కీళ్లు బిగుసుకుపోవడం, వేళ్లు వాచడం, మడమ నొప్పి ఉంటే ఈ రెండు విడతల కోసం కూడా ఆగకూడదు. తలమాడు సోరియాసిస్ ఉన్నవారిలో కీళ్లకు జబ్బు పాకే అవకాశం ఎక్కువ, ఆలస్యమైతే కీళ్లకు జరిగిన నష్టం వెనక్కి రాదు.

వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు వాడిన సీసాలన్నీ, ఖాళీవి కూడా, తీసుకెళ్లాలి. ఒక కాగితం మీద ఏ మందు ఏ తేదీన మొదలుపెట్టారు, ఏ తేదీన ఆపారు, వారానికి ఎన్ని రాత్రులు పూశారు, ఎన్ని గ్రాముల సీసా ఎన్ని రోజులకు అయిపోయింది, ఆపాక ఎన్ని రోజులకు దురద తిరిగి మొదలైంది అన్న ఐదు సంగతులు రాసుకోవాలి. మొదటి రోజునా, నాలుగో వారం చివరా ఒకే పాపిడి దగ్గర, ఒకే వెలుతురులో తీసిన రెండు ఫొటోలు కూడా ఉంటే, మందు మార్చాలా, లేక అదే మందును పూసే తీరు మార్చాలా అన్నది వైద్యుడు ఆ పూటే తేల్చగలడు.